మంచుకొండ మీద కొడుకు.. జొన్నచేనులో తల్లి

హిమాలయాల్లో చలికాలం కాపలా కాసే జవాను ఒంటరిగా కనిపిస్తాడు. అతని వెనక ఒక ఇల్లు, ఆ ఇంటి వెనక ఒక ఊరు నిలిస్తేనే ఆ కాపలా నిలుస్తుంది. జహీరాబాద్ నుంచి లద్దాఖ్ దాకా సాగే ఆ బంధం గురించి ఈ వారం ముఖచిత్ర కథనం.

డిసెంబరు వచ్చిందంటే వాతావరణ వార్తల్లో కోహీర్ పేరు తరచూ వినిపిస్తుంది. రాష్ట్రంలో అతి తక్కువ ఉష్ణోగ్రతలు నమోదయ్యే చోట్లలో అదొకటి. కోహీర్, ఝరాసంగం, న్యాల్‌కల్, మొగుడంపల్లి.. జహీరాబాద్ చుట్టూ ఉన్న ఈ మండలాలన్నీ గాలికి అడ్డులేని చెలకల మధ్య, ఎత్తయిన నేల మీద ఉన్నాయి. పొద్దు గుంకగానే నేల చల్లబడుతుంది. తెల్లారేసరికి జొన్నాకు మీద మంచు నీళ్లు కారుతుంటాయి. పాలు పోసే వాళ్లు చెవులకు మఫ్లరు చుట్టుకుని బయల్దేరతారు. బస్టాండు పక్కన చాయ్ హోటళ్ల ముందు చితుకుల మంటలు లేస్తాయి.

సరిగ్గా ఆ వేళకే లద్దాఖ్‌లో, మైనస్ 30 డిగ్రీల చలిలో రాత్రి డ్యూటీ దిగి గుడారంలోకి అడుగుపెడుతుంటారు మన పిల్లలు. ఇక్కడి ఇంట్లో అమ్మ కుంపటి రాజేస్తుంటే, అక్కడ కొడుకు కిరోసిన్ పొయ్యి ముందు చేతులు చాపుతాడు. ఇద్దరిదీ ఒకే చలికాలం. ఇద్దరికీ ఒకరి గురించి ఒకరికి బెంగ.

జవాను మనకు టీవీలో కనిపించేది ముఖ్యంగా రెండు సందర్భాల్లో. ఒకటి రిపబ్లిక్ డే పరేడ్. రెండోది జెండా కప్పిన పెట్టె ఊరికి వచ్చిన రోజు. ఆ రెంటికీ మధ్య అతను గడిపే మామూలు రోజులే అసలు సేవ. సాక్సులు ఆరబెట్టుకోవడం, మంచు కరిగించి నీళ్లు కాచుకోవడం, పైకప్పు మీది మంచు తోడటం, ఇంటికి ఫోన్ కలుస్తుందేమోనని ఎదురుచూడటం. ఆ రోజుల్ని తెలుసుకుంటే తప్ప, అతని ఇంటికి మనం ఏం బాకీ ఉన్నామో తెలియదు.

దారి మూసుకోకముందే

ఫౌజులో చలికాలం ఏర్పాట్లు ఎండాకాలంలోనే మొదలవుతాయి. శ్రీనగర్ నుంచి లేహ్ వెళ్లే దారిలో జోజి లా అనే కనుమ ఉంది. పదకొండున్నర వేల అడుగుల పైచిలుకు ఎత్తు. మంచు ముసురుకుంటే ఆ దారి మూసుకుపోతుంది. ఒకప్పుడు ఐదారు నెలలు తెరుచుకునేది కాదు. సరిహద్దు రహదారుల సంస్థ యంత్రాలు పెట్టి తోడుతుండబట్టి ఇప్పుడు ఆ గడువు బాగా తగ్గింది. 2023లో 68 రోజుల్లోనే తెరిచారు. మనాలీ వైపు 2020 అక్టోబరులో 9 కిలోమీటర్ల అటల్ సొరంగం అందుబాటులోకి వచ్చింది. జోజి లా కింద సుమారు 13 కిలోమీటర్ల సొరంగాన్ని మన హైదరాబాద్ సంస్థ మేఘా ఇంజినీరింగ్ తవ్వుతోంది. అది పూర్తయితే చలికాలంలోనూ బండ్లు నడుస్తాయి.

అందాకా పద్ధతి పాతదే. దారి తెరిచి ఉన్న నెలల్లోనే బియ్యం, ఆటా, పప్పు, కిరోసిన్, మందులు, మందుగుండు, కంచర గాడిదలకు దాణా సహా అన్నీ పైకి చేర్చాలి. దీన్నే అడ్వాన్స్ వింటర్ స్టాకింగ్ అంటారు. మిగిలిన కొరత విమానాలు, హెలికాప్టర్లు తీర్చాలి. వానలు పోకముందే గాదె నింపుకునే రైతు బిడ్డకు ఈ లెక్క కొత్తగా చెప్పాల్సిన పనిలేదు.

ఏర్పాట్లు లేని చలికాలం ఎలా ఉంటుందో 1962 చూపించింది. చైనాతో యుద్ధానికి కొండలెక్కిన మన దళాల్లో చాలామంది ఒంటి మీద నూలు దుస్తులు, కాళ్లకు మామూలు బూట్లే ఉన్నాయి. చలే శత్రువై కొందరిని పొట్టనపెట్టుకుంది. ఆ నవంబరు 18న రెజాంగ్ లా దగ్గర 13 కుమావ్ దళం జవాన్లు 114 మంది నేలకొరిగారు. మంచు వల్ల నెలల పాటు అక్కడికి ఎవరూ చేరలేకపోయారు. చివరికి చేరినప్పుడు, గడ్డకట్టిన చేతుల్లో ఆయుధాలతో మోర్చాల్లోనే (కాపలా కందకాల్లోనే) కనిపించారు వాళ్లు.

2020లో మళ్లీ అలాంటి పరీక్షే వచ్చింది. జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో 20 మంది మన సైనికులు అమరులయ్యారు. వారిలో 16 బిహార్ దళాన్ని నడిపిన కల్నల్ బిక్కుమళ్ల సంతోష్‌బాబుది మన సూర్యాపేట. ఆయనకు మరణానంతరం మహావీర చక్ర ప్రకటించారు. ఆ ఏడాది సుమారు 50 వేల మంది సైనికులు తూర్పు లద్దాఖ్‌లోనే చలికాలం గడపాల్సి వచ్చింది. కొద్ది నెలల వ్యవధిలో అందరికీ వసతి, వేడి, ఉన్ని దుస్తులు సమకూర్చాలి. కరెంటు, నీళ్లు, వేడి ఉండే స్మార్ట్ క్యాంపులు లేచాయి. లద్దాఖ్ ఇంజినీరు సోనమ్ వాంగ్‌చుక్ 2021 ఫిబ్రవరిలో, పగటి ఎండను దాచి రాత్రి వేడినిచ్చే గుడారం తయారుచేసి చూపించారు. కిరోసిన్ చుక్క కూడా అక్కర్లేదు. పది మందికి సరిపోతుంది. బయట మైనస్ 14 ఉన్న రాత్రి లోపల ప్లస్ 15 నమోదైంది.

లద్దాఖ్ మైదానాల్లో మోహరించిన బీఎంపీ-2 యుద్ధ వాహనాలకు మన జిల్లాతో చుట్టరికం ఉంది. దేశంలో వాటిని తయారుచేసేది సంగారెడ్డి జిల్లాలోని ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం. 1984లో పెట్టిన ఫ్యాక్టరీ అది. అదే ఏడాది ఏప్రిల్ 13న ఆపరేషన్ మేఘదూత్‌తో మన సైన్యం సియాచిన్ శిఖరాలెక్కింది. అప్పటి నుంచి ఇప్పటిదాకా దిగలేదు.

ఎత్తుకు ఒళ్లు అలవాటు పడాలి

జహీరాబాద్ కుర్రాడిని ఇవాళ విమానం ఎక్కించి రేపు సియాచిన్ పోస్టు మీద నిలబెట్టలేరు. నిలబెడితే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ప్రాణం పోతుంది. 18 వేల అడుగుల ఎత్తులో గాలి పీడనం సముద్రమట్టం దగ్గర ఉన్నదాంట్లో సగమే. అందుకే ఒంటిని మెట్టుమెట్టుగా అలవాటు చేస్తారు. 9 వేల నుంచి 12 వేల అడుగుల మధ్య ఆరు రోజులు, 15 వేల దాకా మరో నాలుగు రోజులు, ఆపైన ఇంకో నాలుగు రోజులు. మొదటి రెండు రోజులూ విశ్రాంతే. తర్వాత కొద్దికొద్దిగా నడక, ఆపైన బరువుతో నడక. సెలవు మీద ఇంటికొచ్చి వెళ్లినవాడూ ఒంటిని మళ్లీ అలవాటు చేసుకోవాల్సిందే. ఎంత గట్టి ఒళ్లయినా తొందరపడితే కొండ ఊరుకోదు.

హిమానీనదం మీదికి వెళ్లే ముందు బేస్ క్యాంపులోని ఓపీ బాబా మందిరానికి వెళ్లి రిపోర్టు చెయ్యడం ఒక ఆనవాయితీ. ఒంటరిగా పోస్టు కాపాడి కనిపించకుండా పోయిన ఓం ప్రకాశ్ అనే జవాను తమను కాపాడుతుంటాడని వాళ్ల నమ్మకం. ఏ మతం వాడైనా అక్కడ తలవంచే పైకి వెళతాడు. దర్గాకూ గుడికీ ఒకే తీరుగా మొక్కే జహీరాబాద్ వాసికి అది వింతగా తోచదు. భాషా అంతే. ఇంట్లో తెలుగు, బజారులో ఉర్దూ, బీదర్ చుట్టాలతో కన్నడం, సరిహద్దు ఊళ్లలో మరాఠీ విని పెరిగినవాడు బ్యారక్ హిందీలో ఇట్టే కలిసిపోతాడు.

బుఖారీ చుట్టూ ఒక రోజు

పోస్టులో బతుకంతా బుఖారీ చుట్టూ తిరుగుతుంది. అది రేకు డబ్బా లాంటి కిరోసిన్ పొయ్యి. పక్కన కాస్త ఎత్తులో కిరోసిన్ డబ్బా. దాన్నుంచి సన్నటి గొట్టం గుండా చుక్కచుక్కగా నూనె దిగి లోపల మండుతుంది. పొగ ఒక గొట్టంలోంచి పైకప్పు దాటి బయటకు పోతుంది. పైన కట్టిన తాడుకు సాక్సులు, గ్లవ్స్ వేలాడుతుంటాయి. మూత మీద మంచు గడ్డలు నింపిన డబ్బా ఉంటుంది. డబ్బా నిండా మంచు కరిగించినా చేతికొచ్చే నీళ్లు కొన్నే. తాగేదీ వండేదీ ఆ నీళ్లతోనే. పళ్లు తోముకోవడానికి పేస్టును ముందు వేడి దగ్గర పెట్టాలి. స్నానం సంగతి ఎత్తైన పోస్టుల్లో వారాల తరబడి ఎవరూ తలవరు.

ప్రాణం నిలిపే ఆ పొయ్యే ఏమరుపాటుగా ఉంటే ప్రాణం తీస్తుంది. మూసి ఉన్న గుడారంలో పొగ గొట్టానికి మంచు అడ్డుపడితే విషవాయువు నిండుతుంది. దానికి వాసన ఉండదు. నిద్రలోనే పోతారు. అందుకని గాలి వచ్చే కంత మీద మంచు పేరుకోకుండా చూడటం ఒక డ్యూటీ, పడుకునే ముందు పొయ్యి సంగతి చూడటం మరో డ్యూటీ. కొన్నాళ్లు గడిచాక ఉమ్మి కూడా నల్లగా వస్తుంది. అది కిరోసిన్ మసి.

తెల్లవారే ముందూ పొద్దుగుంకే వేళా స్టాండ్ టు ఉంటుంది. అందరూ ఆయుధాలతో మోర్చాల్లో సిద్ధంగా నిలబడాలి. మసక వెలుగులోనే శత్రువు కదిలే వీలెక్కువ. ఆ తర్వాత పార పట్టి మంచు తోడే పని. రాత్రికి రాత్రి కురిసిన మంచు గుడారాన్నీ, దారినీ, తోపు మూతినీ కప్పేస్తుంది. తోడకపోతే పైకప్పు కూలుతుంది. పీల్చే గాలే సరిపోని చోట నాలుగు పారల మంచు ఎత్తిపోసేసరికి గుండె దడదడలాడుతుంది.

తర్వాత పాదాల తనిఖీ. బూట్లు, సాక్సులు విప్పి పక్కనున్న బడ్డీకి, అంటే జోడీ జవానుకు, చూపించాలి. వేలు తెల్లబడిందా, నొక్కితే తెలుస్తోందా, బొబ్బ లేచిందా? బూటులో పట్టిన చెమట కాసేపు ఆగితే గడ్డ కడుతుంది. దాంతో వేలు మొద్దుబారి, నల్లబడి, చివరికి తీసెయ్యాల్సి వస్తుంది. వట్టి చేత్తో తుపాకీ ఇనుము పట్టుకుంటే చర్మం అంటుకుపోతుంది. ఇలా ఒకరి పాదాలు ఒకరు చూసుకునే చోట కులం, ఊరు, భాష గుర్తుండవు.

గస్తీకి వెళ్లేది ఎక్కువగా రాత్రి, లేదంటే తెల్లవారుజామున. ఎండ పడితే మంచు మెత్తబడి కింద దాగిన పగుళ్లు నోళ్లు తెరుస్తాయి. అందుకే నడుముకు తాడు కట్టుకుని ఒకరి వెనక ఒకరు నడుస్తారు. ఒకడు జారితే మిగతావాళ్లు మంచులో గొడ్డలి గుచ్చి ఆపాలి. మంచు చరియల హెచ్చరికలు చండీగఢ్‌లోని రక్షణ పరిశోధన కేంద్రం పంపుతుంది. మంచు తుపాను ముదిరితే రోజుల తరబడి గుడారం దాటే వీలుండదు. క్యారం బోర్డు, పేకలు, ఫోన్‌లో దాచుకున్న పాటలు.. అవే కాలక్షేపం. నిద్ర పట్టదు, ఆకలి వెయ్యదు, చెప్పబోయే మాట నోటి దాకా వచ్చి మరుపొస్తుంది. పై పోస్టుల్లో ఒక జవానును మూడు నెలలకు మించి సాధారణంగా ఉంచకపోవడానికి కారణం ఇదే.

ఫౌజు గిన్నెలోకి జొన్న

అంత ఎత్తులో నీళ్లు 80 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. మరిగిన నీళ్లున్నా పప్పు ఉడకదు, అన్నం పలుకుగానే ఉంటుంది. కుక్కర్ లేనిదే వంట లేదు. గుడ్డు రాయిలా గడ్డకడుతుంది. పండ్ల రసం డబ్బాను సుత్తితో కొట్టాల్సి వస్తుంది. చాక్లెట్లు, ఎండు పండ్లు, డబ్బా ఆహారం ఉంటాయి కానీ నాలుకకు రుచి ఉండదు. మైసూరులోని రక్షణ ఆహార పరిశోధనాలయం వేడి చేసుకుని తినే పొట్లాలు తయారుచేసి ఇస్తోంది. అయినా తినబుద్ధి కాక బరువు తగ్గి దిగేవాళ్లే ఎక్కువ.

లంగర్ (ఫౌజు వంటిల్లు) గురించి జహీరాబాద్ వాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరమైన 2023లో సైన్యం తన రేషన్‌లోకి జొన్న, సజ్జ, రాగి పిండిని తిరిగి తెచ్చింది. గోధుమ పిండి వచ్చాక యాభై ఏళ్లకు పైగా ఇవి ఫౌజు వంటింట్లో లేవు. ఇప్పుడు జవానుకు ఇచ్చే ధాన్యంలో పాతిక శాతం దాకా చిరుధాన్యాల పిండి ఇవ్వొచ్చు. ఉత్తర సరిహద్దుల్లో ఉన్నవాళ్లకు వీటితో చేసిన తినుబండారాల మీద ప్రత్యేక శ్రద్ధ పెడుతున్నామని సైన్యం ప్రకటించింది.

చిరుధాన్యాలే బలమన్న ఈ మాట ఢిల్లీ కంటే ఎన్నో ఏళ్ల ముందు జహీరాబాద్ పక్కనున్న పస్తాపూర్ చెప్పింది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని మహిళలు, ఎక్కువగా దళిత రైతులు, పాత విత్తనాన్ని ఇళ్లలో దాచి కాపాడారు. ఏటా సంక్రాంతికి ఎడ్లబండ్లు అలంకరించి, వాటి మీద విత్తనాలు పెట్టి, ఊరూరా పాత పంటల జాతర తీశారు. ఆదరణ లేని కాలంలో ఈ తల్లులు నిలబెట్టిన జొన్న, సజ్జలనే ఇవాళ దేశం తన సైనికుడికి బలమని పెడుతోంది. జహీరాబాద్ గర్వపడాల్సిన సంగతి ఇది.

ఉత్తరం నుంచి వీడియో కాల్ దాకా

సెల్‌ఫోన్ లేని రోజుల్లో ఫౌజీ చిరునామాకు ఊరు పేరు ఉండేది కాదు. నంబరు, ర్యాంకు, పేరు, దళం, కింద కేరాఫ్ 56 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు). కొడుకు ఏ కొండ మీద ఉన్నాడో అమ్మకే కాదు, పోస్ట్‌మ్యాన్‌కూ తెలియదు. చదువు రాని తల్లి బడి పంతులుతోనో, చదువుకునే పక్కింటి పిల్లతోనో రాయించేది. పశువు ఈనిందనీ, చెల్లెలి సంబంధం వచ్చిందనీ, వానలు ముందే పోయాయనీ రాయించి, మనసులో మాట మాత్రం రాసేవాళ్ల ముందు చెప్పలేక మింగేసేది. అవతల ఆ ఉత్తరం చినిగిపోయేదాకా చదువుకునేవాళ్లు. మనీఆర్డరు ఫారం అడుగున రెండు వరుసల ఖాళీ ఉండేది. ఎన్నో ఇళ్లలో ఆ రెండు వరుసలే జవాబు.

ఈ ఎదురుచూపులు వందేళ్లకు పైబడినవి. నిజాం రాజ్యపు హైదరాబాద్ కంటింజెంట్ నుంచి పుట్టిన 20వ దక్కన్ హార్స్ దళం, సికింద్రాబాద్ పేరే పెట్టుకున్న అశ్విక బ్రిగేడ్‌లో భాగంగా మొదటి ప్రపంచ యుద్ధానికి 1914లో ఫ్రాన్స్ చేరింది. ఆ నవంబరులో గుర్రాలు దిగి, బురద గడ్డకట్టిన కందకాల్లో నిలబడింది. అప్పటి భారతీయ సైనికుల ఉత్తరాలను సెన్సారు చదివేది. అలా నకలు తీసి ఉంచిన భాగాలు ఇప్పటికీ లండన్‌లో భద్రంగా ఉన్నాయి. చలి గురించి, పంట గురించి, పెళ్లిళ్ల గురించి, ఇంటికి ఎప్పుడు పంపుతారోనన్న ఆశ గురించి రాసుకున్నవే వాటిలో ఎక్కువ.

తర్వాత శాటిలైట్ ఫోన్లు వచ్చాయి. పోస్టులో ఉన్న ఒకటో రెండో సెట్ల ముందు వరుస కట్టాలి. నిమిషానికి 5 రూపాయలుగా ఉన్న చార్జీని 2017 దీపావళికి కేంద్రం రూపాయికి తగ్గించింది, నెలవారీ అద్దె తీసేసింది. 2025 జనవరిలో, ఆర్మీ డే ముందు, సియాచిన్ మీద 4జీ, 5జీ సిగ్నల్ అందింది. ఇప్పుడు చాలాచోట్ల వీడియో కాలే కలుస్తోంది.

కాల్ కలిశాక నడిచే మాటలు ఏ ఇంట్లోనైనా దాదాపు ఒక్కటే.

"తిన్నవా బిడ్డా?"

"తిన్ననమ్మా. నువ్వు తిన్నవా?"

"సలి గట్టిగున్నదటగా అక్కడ?"

"ఏం లేదమ్మా, మనూరి లెక్కనే ఉన్నది."

ఇద్దరూ సగం దాచుకుంటారు. కొడుకు మంచు తుపాను సంగతి చెప్పడు. తల్లి తన కాలినొప్పి సంగతి, బోరు ఎండిన సంగతి చెప్పదు. కొడుకు మొహం నల్లగా కమిలిందని ఆమె కనిపెడుతుంది. ఆమె చేతికి గాజులు లేవని, కుదువ పెట్టిందేమోనని అతను కనిపెడతాడు. ఎవరూ అడగరు. ఫోన్ పెట్టేశాక ఇద్దరికీ ఆ రాత్రి నిద్ర ఉండదు. ఉత్తరం రోజుల్లో కబురు ఆలస్యంగా వచ్చేది. ఇప్పుడు ఇంట్లో బాధ ఆ నిమిషానికే పోస్టులోకి చేరుతోంది, తీర్చే వీలు మాత్రం అతనికి లేదు. కాబట్టి ఇక్కడ ఆ బాధ తీర్చేవాళ్లు ఉండాలి.

ఇంటి కాపలా

అక్కడ మంచు పేరుకునే నెలల్లోనే ఇక్కడ పని పేరుకుంటుంది. నల్లరేగడిలో యాసంగి తెల్లజొన్న నీళ్లు పెట్టకుండానే, నేలలోని తేమతో, రాత్రి మంచుతో పెరుగుతుంది. కంకి పాలు పోసుకునే వేళ పిట్టల్ని కొట్టాలి. చెరుకు కొట్టించాలి, కూలీలను మాట్లాడాలి, లారీ దొరకబుచ్చుకోవాలి. శనగ పీకాలి. అత్తమామల మందులు, పిల్లల ఫీజులు, బ్యాంకులో పంట రుణం రెన్యువల్. ఫౌజీ భార్య ఇవన్నీ ఒంటిచేత్తో నడుపుతుంది. ఆమెకు డ్యూటీ దిగే వేళ లేదు.

పండుగలూ ఈ నెలల్లోనే. మార్గశిర అమావాస్యను ఈ ప్రాంతంలో, బీదర్, కలబురిగి జిల్లాల్లో ఎళ్ల అమావాస్యగా చేసుకుంటారు. ఇంటిల్లిపాదీ చేనుకు పోయి, అయిదు రాళ్లు నిలిపి పాండవులుగా కొలిచి, జొన్న రొట్టె, సజ్జ రొట్టె, అన్ని కూరలూ కలిపి వండిన భజ్జి, అంబలి అక్కడే కూర్చుని తింటారు. ఫౌజీ ఇంట్లో ఆ రోజు చేనులోంచే వీడియో కాల్ వెళుతుంది. సిగ్నల్ దొరికితే అతను పైరు చూస్తాడు, పిల్లల్ని చూస్తాడు. ఆ తర్వాత సంక్రాంతి. దాని వెంటే జనవరి 15న ఆర్మీ డే. 1949లో ఆ రోజున జనరల్ కరియప్ప భారత సైన్యానికి తొలి భారతీయ అధిపతి అయ్యారు. ఇక్కడ నువ్వులద్దిన సజ్జ రొట్టెలు చేసుకుంటుంటే, అక్కడ బడా ఖానాలో అధికారులూ జవాన్లూ కలిసి ఒకే పంక్తిలో తింటారు.

సెలవు ముగించుకుని వెళ్లేవాడి నల్లటి ట్రంకు పెట్టె తెరిస్తే ఆ ఇల్లంతా అందులో ఉంటుంది. పైన మడత నలగని యూనిఫాం. దాని కింద గుడ్డలో చుట్టిన కడక్ రొట్టెలు, పల్చగా తట్టి, పెనం మీద కరకరలాడేదాకా ఎండబెట్టినవి. నెల దాటినా చెడవు. పల్లీ కారం, అవిసె పొడి, వెల్లుల్లి కారం విడివిడి డబ్బాల్లో. సకినాలు విరగకుండా స్టీలు డబ్బాలో. తోటివాళ్లకని ఇంకో కిలో ఎక్కువే. ఒక మూలన కాగితంలో మడిచిన విభూతి, ఝరాసంగం కేతకీ సంగమేశ్వరుడిది.

పోయి వచ్చే దారి

పాత పద్ధతిలో చేరిన జవానుకు ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ సెలవు. కాగితం మీద సెలవు దొరికినా కొండ దిగడం వాతావరణం చేతిలో ఉంటుంది. పోస్టు నుంచి నడక, హెలికాప్టర్, థోయిస్ లేదా లేహ్‌లో విమానం కోసం ఎదురుచూపు. మబ్బు పడితే విమానం లేదు. చండీగఢ్ ట్రాన్సిట్ క్యాంపు, ఢిల్లీ, అక్కడి నుంచి తెలంగాణ ఎక్స్‌ప్రెస్. హైదరాబాద్‌లో దిగి సంగారెడ్డి, సదాశివపేట మీదుగా జహీరాబాద్ బస్సు.

ఆ బస్సు నడిచే ముంబయి రహదారికి ఫౌజు కొత్త కాదు. 1948 సెప్టెంబరు 16న, షోలాపూర్ నుంచి కదిలిన భారత సైన్యం లెఫ్టినెంట్ కల్నల్ రామ్ సింగ్ నాయకత్వంలో మందుపాతరలు తొలగించుకుంటూ జహీరాబాద్ దాటింది ఆ దారినే. మరునాడు నిజాం లొంగిపోయాడు. ఇప్పుడు అదే రోడ్డు అంచున తెల్లారకముందే 1.6 కిలోమీటర్ల పరుగును సాధన చేస్తుంటారు ఫౌజులో చేరాలనుకునే కుర్రాళ్లు. బీదర్ వైమానిక కేంద్రం నుంచి లేచిన శిక్షణ విమానాల చప్పుడు వాళ్ల తలల మీదుగా పోతుంటుంది.

ఈ కుర్రాళ్ల దారి వాళ్ల బాబాయిల దారి కాదు. 2022 జూన్‌లో వచ్చిన అగ్నిపథ్ పథకం కింద నాలుగేళ్లే సర్వీసు. ఆ తర్వాత నలుగురిలో ఒక్కరికే సైన్యంలో కొనసాగే అవకాశం. మిగతావాళ్లు సుమారు 11.71 లక్షల రూపాయల సేవానిధితో, పింఛను లేకుండా ఇంటికి రావాలి. ఏడాదికి సెలవు 30 రోజులే. తొలి బ్యాచ్ 2023 జనవరిలో శిక్షణకు వెళ్లింది. చలి అందరికీ ఒక్కటే, మంచు చరియ పాత జవాను, అగ్నివీరుడు అని చూడదు. ఇరవై మూడేళ్లకు, ఇరవై అయిదేళ్లకు ఇంటికి తిరిగొచ్చే ఈ పిల్లలకు చదువు, పని చూపించడం రాబోయే ఏళ్లలో మన ఊళ్ల ముందున్న పెద్ద బాధ్యత.

తిరిగి రానివాళ్లు

2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో 19,600 అడుగుల ఎత్తున ఉన్న సోనమ్ పోస్టు మీద మంచు గోడ విరిగిపడింది. 19 మద్రాస్ దళానికి చెందిన పది మంది దాని కింద చిక్కుకున్నారు. ఒక్కరు తప్ప అందరూ దక్షిణాది పిల్లలే. ఆరు రోజుల తర్వాత, పాతిక అడుగులకు పైగా మంచు తవ్వితే, ధార్వాడ జిల్లా బెటదూరుకు చెందిన లాన్స్ నాయక్ హనుమంతప్ప కొప్పద్ ప్రాణాలతో కనిపించాడు. దేశమంతా మొక్కుకుంది. ఫిబ్రవరి 11న ఢిల్లీ ఆసుపత్రిలో కన్నుమూశాడు. ఆ పది మందిలో మన తెలుగు బిడ్డ కూడా ఉన్నాడు, అప్పటి కర్నూలు జిల్లా పార్నపల్లెకు చెందిన సిపాయి ముస్తాక్ అహ్మద్. సియాచిన్‌లో 2003 నవంబరు నుంచి కాల్పుల విరమణ నడుస్తోంది. అయినా మరణాలు ఆగలేదు. అక్కడ తుపాకీ కంటే చలి, మంచు తీసిన ప్రాణాలే ఎక్కువ.

ఊరు చేయాల్సిన డ్యూటీ

ప్రాణం పోయాక ఊరేగింపు తీస్తాం, విగ్రహం పెడతాం, వీధికి పేరు పెడతాం. అవన్నీ చేయాల్సినవే. కానీ ఆ జవాను బతికుండగా అడిగింది చాలా చిన్నది. తన హద్దురాయి కదలకూడదు. తన తండ్రిని ఆఫీసు చుట్టూ తిప్పకూడదు. తన భార్యను బ్యాంకులో పొద్దంతా నిలబెట్టకూడదు.

మంచులో ఉన్నవాడి మనసును అన్నిటికంటే ఎక్కువగా కుంగదీసేది ఇంటి దగ్గరి భూమి తగాదా. అతను రాలేడని తెలిసే కొందరు హద్దు జరుపుతారు, కేసు వేస్తారు. దీనికి చట్టంలో అండ ఉంది. 1925 నాటి భారత సైనికుల వ్యాజ్యాల చట్టం కింద, జవాను ప్రత్యేక పరిస్థితుల్లో విధుల్లో ఉన్నాడని అతని అధికారి ధ్రువీకరిస్తే కోర్టు విచారణను నిలిపి ఉంచాలి. 2025 జులై 26న, కార్గిల్ విజయ దివస్ రోజున, జాతీయ న్యాయ సేవల సంస్థ వీర పరివార్ సహాయత యోజన ప్రారంభించింది. సైనిక సంక్షేమ కార్యాలయాల ద్వారా జవాన్ల కుటుంబాలకు ఉచిత న్యాయ సహాయం ఇవ్వడం దాని పని. ఈ రెండు సంగతులూ తెలియక ఎన్నో ఇళ్లు నష్టపోతున్నాయి. పంచాయతీ కార్యదర్శి, బడి పంతులు, ఊరి మాజీ సైనికుడు.. వీళ్లలో ఒక్కరు తెలుసుకుని చెప్పినా చాలు.

ఏటా డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినోత్సవం. 1949 నుంచి జరుగుతోంది. ఆ రోజు జేబుకు చిన్న జెండా పెట్టుకుని చందా ఇస్తాం. మాజీ సైనికులకూ అమరుల కుటుంబాలకూ ఆ డబ్బు పోతుంది, తప్పక ఇవ్వాలి. దాంతో పాటు ఆ రోజున ప్రతి ఊరూ ఒక పని పెట్టుకోవాలి. మన ఊరి నుంచి ఎవరెవరు సైన్యంలో ఉన్నారో రాసుకోవాలి. వాళ్ల ఇళ్లకు వెళ్లి ఆగిపోయిన పనేమిటో అడగాలి. పాస్‌బుక్కా, పింఛనా, పిల్లల సీటా, చెరుకు కొట్టడానికి కూలీలా? తేల్చగలిగింది ఆ వారంలోనే తేల్చాలి. తేలనిది తహసీల్దార్ దగ్గరికి, జిల్లా సైనిక సంక్షేమ అధికారి దగ్గరికి ఊరే తీసుకుపోవాలి. ఆ ఇల్లాలు ఒంటరిగా మెట్లెక్కే పరిస్థితి రాకూడదు.

ఇంటి దగ్గర పని ఆగలేదన్న ఒక్క మాట ఫోన్‌లో వింటే, రెండు వేల కిలోమీటర్ల అవతల ఒక జవాను ఆ రాత్రి బెంగ లేకుండా డ్యూటీకి దిగుతాడు. కొండ మీద నిలబడటం అతని వంతు, అతని ఇంటిని నిలబెట్టడం మన వంతు. అతను తన వంతు ఏ రోజూ వాయిదా వెయ్యడం లేదు, మనమూ వెయ్యకూడదు.